మల్లన పద్యములోని మహాసంఖ్య: పొగడ్తయు, పరీక్షయు

చదరంగమును కనిపెట్టిన పండితుడు రాజును కోరిన బహుమానము కథ మన పాఠశాలలలో వినని విద్యార్థి అరుదు. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు. ఇట్లు అరువది నాలుగు గళ్ళలోను రెట్టింపు చేయుచు పోవలెను. రాజు చిరునవ్వుతో సమ్మతించెను. లెక్క తేలిన తరువాత నవ్వు మానెను. ఆ గింజల మొత్తము ఇది:

18446744073709551615

ఈ ఇరువది అంకెల సంఖ్యను తెలుగు పద్యములో కూర్చిన గౌరవము పావులూరి మల్లనది. మహావీరాచార్యుడు తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట రాజైన అమోఘవర్షుని కాలమున సంస్కృతమున రచించిన ‘గణితసారసంగ్రహము’ను తెనిగించినవాడు మల్లన. అతడు రాజరాజ నరేంద్రుని కాలమువాడని, అనగా నన్నయకు సమకాలికుడని, కొందరు చెప్పుదురు. ఆ తరువాతి తరములవాడని మరికొందరు చెప్పుదురు. ఏ మాట నిజమైనను, తెలుగున శాస్త్రగ్రంథ రచనకు తొలినాళ్ళలోనే పునాది వేసిన గణితకవి అతడు.

ఈ పద్యమును మనము సభలలో చదువుదుము, గోడపటములపై వ్రాయుదుము, ‘ఎంత పెద్ద సంఖ్య!’ అని ఆశ్చర్యపడి ఊరకుందుము. ఈ పద్యమునకు చెల్లవలసిన గౌరవము ఇంతేనా? ఈ సంఖ్యను విప్పి చూచినచో మనకేమి కనబడును? పద్యమునందలి గుణమేది, లోపమేది? మన పొగడ్తలో లోపమేది? ఈ వ్యాసమున విచారింపబూనిన విషయములివి.

ఒక గోడపటము కథ

మొదట నా పొరపాటు చెప్పుకొనవలెను. అనకాపల్లి జిల్లాలో గొలుగొండ ప్రాంతమున ఒక ఉన్నత పాఠశాలలో, రామానుజన్ జన్మదినమైన డిసెంబరు 22 న, గణితమును గూర్చి మాటలాడుటకు నన్ను పిలిచిరి. తరగతి గదిలో అందముగా రంగులు వేసిన పటమొకటి వ్రేలాడుచుండెను. దానిపై చదరంగపు బల్ల, క్రింద మల్లన పేరు, ఆ క్రింద ఈ సంఖ్య:

1844674407379551615

ఒక సంఖ్య సరియైనదో కాదో త్వరగా తెలిసికొనుటకు మన పెద్దలు వాడిన తొమ్మిది పరీక్షను నేను పిల్లలకు చూపితిని. అంకెలన్నియు కూడుడు; వచ్చిన మొత్తమును 9 చే భాగింపుడు; శేషమును చూడుడు. పిల్లలు కూడిరి. మొత్తము 87 వచ్చెను. దానిని 9 చే భాగించగా శేషము 6. ఇక నిజమైన మొత్తమునకు శేషమెంత యుండవలెను? 2⁶ అనగా 64. దీనిని 9 చే భాగించగా శేషము 1. కనుక 2⁶⁰ నకును శేషము 1. 2⁶⁴ నకు శేషము, 2⁴ అనగా 16 నకు వచ్చు శేషమే, అది 7. అందుండి ఒకటి తీసివేయగా 6. రెండును సరిపోయినవి. ‘చూచితిరా! పటములోని సంఖ్య సరియైనది’ అని చెప్పి, చప్పట్లందుకొని, ఇంటికి వచ్చితిని.

వారము తిరుగకముందే ఆ పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్న ఒక బాలిక, మా కళాశాలలో చదువుచున్న తన అన్న చేత ఒక నోటుపుస్తకము పంపెను. అందులో అరువది నాలుగు వరుసలలో రెట్టింపులు వేసి యున్నవి. అరువది నాలుగవ గడిలో 9223372036854775808. దానిని రెట్టించి ఒకటి తగ్గించగా ఇరువది అంకెల సంఖ్య. అడుగున ఇట్లు వ్రాసి యుండెను: ‘మాస్టారూ, పటములో అంకెలు పందొమ్మిదే ఉన్నవి. నా లెక్కలో ఇరువది వచ్చినవి. మీ పరీక్షకు పటము నిలిచినది గదా! తప్పు నాదేనా అండీ?’

తప్పు ఆ బాలికది కాదు. 9 కి ఎడమనున్న సున్న పటములో జారిపోయినది. సున్న పోయినను అంకెల మొత్తము మారదు గదా! తొమ్మిది పరీక్ష ఈ దోషమును పట్టజాలదు. పరీక్ష చేసితిననుకొని తప్పునకు ముద్ర వేసి వచ్చినవాడను నేను. అంకెలెన్ని యని లెక్కించుటయైనను నాకు తోచలేదు. ఆ నోటుపుస్తకమే ఈ వ్యాసమునకు కారణము.

పద్యము చేసిన పని

ఇప్పుడు మల్లన పద్యమును తిరిగి చూతము. అంకెలను పద్యములో చెప్పుటకు మన పూర్వులు భూతసంఖ్యలను వాడిరి. ఆకాశమనగా సున్న, చంద్రుడనగా 1, కన్నులనగా 2, అగ్నియనగా 3, వేదములనగా 4, మన్మథుని బాణములనగా 5, ఋతువులనగా 6, కులపర్వతములనగా 7, దిగ్గజములనగా 8, శరీర రంధ్రములనగా 9. అంకెలు కుడినుండి ఎడమకు నడచునని నియమము. అనగా మొదట ఒకట్ల స్థానము, తరువాత పదుల స్థానము, ఆ వరుసను చెప్పుకొనుచు పోవలెను. మల్లన పద్యమున మొదటి పదము 5 ను, కడపటి సంఖ్యాపదము 1 ని తెలుపుచున్నవి.

పద్యము చంపకమాల. పాదమునకు ఇరువది యొక్క అక్షరములు. ఏ అక్షరము గురువో, ఏది లఘువో ముందే నిర్ణయమై యున్నది. పై గోడపటములో జారిపోయిన సున్నను మల్లన ఆకాశవాచకమైన ఒక పదముతో చెప్పెను. వ్రాయసగాడు ఆ పదమును విడిచినచో గణము చెడును, పాదము కుంటును. ఛందస్సు తెలిసిన పాఠకుడు సంఖ్య తెలియకున్నను ‘ఇక్కడ ఏదో జారినది’ అని వెంటనే చెప్పగలడు. రంగుల పటముపై సున్న జారినపుడు మాలో ఏ ఒక్కరికిని చెవికి తగులలేదు. అంకెలకు ఛందస్సు కాపలా కాయుట ఈ పద్యమునందలి మొదటి గుణము.

రెండవ గుణము కచ్చితత్వము. గింజలు ‘లెక్కకు మిక్కిలి’ అనియో, ‘సముద్రపు టిసుక వలె’ అనియో చెప్పుట కవికి సులువు. మల్లన ఆ సులువు కోరలేదు. ఒకట్ల స్థానములోని 5 వరకు చెప్పెను. ప్రచారముననున్న పాఠమును నేను పదము పదముగా విప్పి సరిచూచితిని. ఇరువది అంకెలును సరిగా నున్నవి.

ఇక లోపము. ఛందస్సు అక్షరములను కాపాడును గాని అర్థమును కాపాడదు. సముద్రవాచక పదములు సామాన్యముగా 4 ను తెలుపును; కాని సముద్రములు ఏడను లెక్కను బట్టి 7 గా వాడినవారును కలరు. రంధ్రమను మాట 9 కి చెల్లును. శూన్యార్థమున సున్నకును చెల్లును. ఈ పద్యమున సముద్రవాచకములు రెండు, రంధ్రము ఒకటి యున్నవి. చదువరి ఏ అర్థము గ్రహింపవలెను? దీనికి నిఘంటువు సమాధానము చెప్పజాలదు. గణితము చెప్పగలదు.

తొమ్మిదియు, పదునొకండును

సముద్రములను రెంటిని 7 గా గ్రహించితిమనుకొనుడు. ఒక్కొక్క చోట 3 చొప్పున అంకెల మొత్తము 6 పెరిగి 93 అగును. 93 ను 9 చే భాగించగా శేషము 3. కావలసిన శేషము 6. ఒక్క సముద్రమును మాత్రమే 7 గా గ్రహించినను మొత్తము 90, శేషము సున్న. కనుక రెండు చోట్లను 4 అనియే గ్రహింపవలెను. ఇక్కడ తొమ్మిది పరీక్ష చక్కగా పనిచేసినది.

రంధ్రము మాటకు వచ్చునప్పటికి ఈ పరీక్ష మూగవోవును. 9 బదులు సున్న వేసినచో మొత్తము 78. దీనికిని శేషము 6 యే. తొమ్మిదికిని సున్నకును భేదము తెలియని పరీక్ష యిది. అట్టి యెడ పదునొకండు పరీక్షను వాడవలెను. కుడి చివరి అంకె నుండి మొదలు పెట్టి, ఒకదానిని కూడుచు, మరియొకదానిని తీసివేయుచు పోవలెను. మన సంఖ్యకు:

5 − 1 + 6 − 1 + 5 − 5 + 9 − 0 + 7 − 3 + 7 − 0 + 4 − 4 + 7 − 6 + 4 − 4 + 8 − 1 = 37

దీనిని 11 చే భాగించగా శేషము 4. ఇక నిజమైన మొత్తమునకు ఎంత రావలెను? 2⁵ అనగా 32. ఇది 33 కంటె ఒకటి తక్కువ గనుక దీని శేషము −1 అని గ్రహింపవచ్చును. అప్పుడు 2¹⁰ నకును, 2⁶⁰ నకును శేషము 1. 2⁶⁴ నకు 16 యొక్క శేషము, అనగా 5. ఒకటి తీసివేయగా 4. సరిపోయినది. రంధ్రమును సున్నగా గ్రహించినచో 37 కు మారుగా 28 వచ్చును, శేషము 6, అది చెల్లదు. కనుక రంధ్రమనగా ఇక్కడ 9.

గోడపటములోని పందొమ్మిది అంకెల సంఖ్యకు ఈ పరీక్ష చేసి చూడుడు. జారిన సున్నకు ఎడమ నున్న అంకెలన్నియు ఒక్కొక్క స్థానము జరిగినందున వాని గుర్తులు తారుమారగును. మొత్తము 18 − 19, అనగా −1, శేషము 10. కావలసినది 4. ఆ నాడు నేను రెండవ పరీక్ష కూడ చేసియున్నచో దోషము అక్కడికక్కడ బయటపడి యుండెడిది.

ఆరు మెట్ల నిచ్చెన

ఇంత పెద్ద సంఖ్యను కాగితము చవుకగా దొరకని కాలమున ఎట్లు సాధించిరి? మొదట ఒక సూక్ష్మము. ఏ గడిలోని గింజలైనను, అంతకు ముందున్న గళ్ళన్నిటిలోని గింజల మొత్తము కంటె సరిగా ఒకటి ఎక్కువ. నాలుగవ గడిలో 8; ముందు మూడు గళ్ళలో 1 + 2 + 4 = 7. కనుక అరువది నాలుగు గళ్ళ మొత్తము కావలెనన్నచో, లేని అరువది యైదవ గడిని ఊహించి, దానినుండి ఒకటి తీసివేసిన చాలును. అనగా 2⁶⁴ − 1.

2⁶⁴ కొరకు అరువది మూడు సార్లు రెట్టింప నక్కరలేదు. ఛందశ్శాస్త్ర కర్తయైన పింగళుడే ఘాతమును సగము చేయుచు, వర్గము చేయుచు పోవు దారిని సూచించెను. గుణశ్రేఢుల లెక్కలలో మహావీరాచార్యుడు దానిని వాడెను. 64 ను సగము చేయుచు పోయినచో 32, 16, 8, 4, 2, 1. ఆరు మెట్లు. కనుక 2 ను ఆరు సార్లు వర్గము చేసిన చాలును:

2, 4, 16, 256, 65536, 4294967296, 18446744073709551616.

కడపటి వర్గము ఒక్కటే కొంచెము శ్రమ. ఒకటి తగ్గించితిమా, మల్లన సంఖ్య వచ్చినది.

నిచ్చెన ఎక్కినవాడు దిగవచ్చును గదా! తొమ్మిదవ తరగతి విద్యార్థికి తెలిసిన సూత్రమే చాలును: అ² − 1 = (అ − 1)(అ + 1). 2⁶⁴ అనునది 2³² యొక్క వర్గము. కనుక

2⁶⁴ − 1 = (2³² − 1)(2³² + 1).

అందు 2³² − 1 ను మరల అదే సూత్రముతో విడదీయుడు. ఇట్లు ఆరు సార్లు దిగినచో

2⁶⁴ − 1 = 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297.

ఆరు వర్గములతో కట్టిన సంఖ్య ఆరు గుణకములుగా విడిపోయినది. పైకి కట్టిన మెట్లే క్రిందికి దింపిన మెట్లు. ఇరువది అంకెల సంఖ్యకు కారణాంకములు కనుగొనుట సామాన్యముగా చేతితో చేయదగిన పని కాదు. ఈ సంఖ్య పుట్టుక తెలిసిన వానికి అరగంట చాలును.

ఫెర్మా పొరపాటు, ఆయిలర్ దిద్దుబాటు

పై ఆరు గుణకములకు గణితశాస్త్రమున గొప్ప చరిత్ర కలదు. ఫ్రాన్సు దేశపు న్యాయాధికారియు, గణితజ్ఞుడునైన ఫెర్మా 1640 ప్రాంతమున ఈ వరుసను పరిశీలించెను. 3, 5, 17, 257, 65537 ఐదును ప్రధాన సంఖ్యలు. ఈ వరుసలో వచ్చు సంఖ్యలన్నియు ప్రధాన సంఖ్యలే యని అతడు నమ్మెను. ఆరవదియైన 4294967297 ను చివర వరకు పరీక్షింపలేదు. అంతటి వాడు చెప్పిన మాట గనుక తొంబది యేండ్లు నిలిచినది.

1732 లో ఆయిలర్ దానిని 641 చే భాగించి చూపెను:

4294967297 = 641 × 6700417.

ఆయిలర్ గ్రుడ్డిగా వెదుకలేదు. 2³² + 1 ను భాగించు ప్రధాన సంఖ్య ఏదైనను 64క + 1 అను రూపమున నుండవలెనని అతడు నిరూపించెను. ఆ రూపముగల ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. ఐదవ ప్రయత్నమున తలుపు తెరచుకొనినది!

641 ఏల భాగించునో భాగహారము చేయకయే చూపవచ్చును. ఉపాధ్యాయులు దీనిని నల్లబల్లపై ఐదు నిమిషములలో చెప్పగలరు. 641 ను రెండు విధములుగా వ్రాయుడు: 641 = 5 × 2⁷ + 1; మరియు 641 = 5⁴ + 2⁴. రెండవ దానిని 2²⁸ చే గుణించినచో, 5⁴ × 2²⁸ + 2³² అను సంఖ్య 641 చే భాగింపబడును. మొదటి దానిని బట్టి, (5 × 2⁷)⁴ − 1, అనగా 5⁴ × 2²⁸ − 1, కూడ 641 చే భాగింపబడును. అ⁴ − 1 కి అ + 1 కారణాంకము గదా! మొదటి దానినుండి రెండవ దానిని తీసివేయుడు. మిగులునది 2³² + 1. రుజువైనది.

6700417 ప్రధాన సంఖ్యయేనా? దీని వర్గమూలము 2588 కు కొంచెము ఎక్కువ. దీనికి ప్రధాన భాజకమున్నచో అదియు 64క + 1 రూపముననే యుండవలెను. 641 నుండి 2588 లోపల అట్టి సంఖ్యలు ముప్పది యొకటి. వానిలో సంయుక్తములను కొట్టివేసినచో మిగులునవి ఇంకను తక్కువ. తరగతిలోని విద్యార్థులు పంచుకొని ఒక్క గంటలో భాగించి చూడవచ్చును. ఏదియు భాగింపదు. అది ప్రధాన సంఖ్యయే.

మల్లన సంఖ్య పూర్తిగా విప్పిన రూపమిది:

3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417.

ఫెర్మా వరుసలో ఆరవ సంఖ్య మొదలు ఇరువది యెనిమిది సంఖ్యలు వరుసగా సంయుక్తములేయని తేలినవి. మొదటి ఐదు తప్ప ఆ వరుసలో మరియొక ప్రధాన సంఖ్య నేటికిని దొరకలేదు.

ఈ సంఖ్య ఏ జాతిది?

మొక్కను చూచిన వృక్షశాస్త్రజ్ఞుడు దాని కుటుంబమును నిర్ణయించినట్లు, సంఖ్యను చూచిన గణిత విద్యార్థి దాని జాతిని నిర్ణయింపవలెను.

ఇది వర్గసంఖ్య కాదు. 2³² యొక్క వర్గమునకు ఒకటి తక్కువ గనుక, రెండు వరుస వర్గముల నడుమ చిక్కుకొని యున్నది. దీని ప్రధాన కారణాంకములు ఏడును వేరు వేరు. కనుక 1 తప్ప ఏ వర్గసంఖ్యయు దీనిని భాగింపదు. ప్రతి కారణాంకమును తీసికొనుటయో, విడుచుటయో చేయవచ్చును గనుక దీనికి భాజకములు 2⁷, అనగా 128. చదరంగపు బల్లపై మొదటి వరుస చివరి గడిలోని గింజలును 128 యే!

తన భాజకముల మొత్తమునకు సమానమైన సంఖ్యను పరిపూర్ణ సంఖ్య యందురు; 6 = 1 + 2 + 3. మల్లన సంఖ్య అట్టిది కాదు. దీనిని విడిచి మిగిలిన భాజకముల మొత్తము దీనిలో నూటికి సుమారు 70 వంతులు మాత్రమే. కనుక ఇది న్యూన సంఖ్య. పెద్దదైన మాత్రమున అధిక సంఖ్య కానక్కరలేదు. 945 చిన్న సంఖ్యయైనను దాని భాజకముల మొత్తము దానిని మించును.

2 యొక్క ఘాతమునుండి ఒకటి తగ్గించిన సంఖ్యలకు మెర్సెన్ పేరు వచ్చినది. ఘాతము సంయుక్తమైనచో సంఖ్యయు సంయుక్తమే. 64 సంయుక్తము గనుక ఇక్కడ ఆశకు తావు లేదు. కాని బల్లపై గడి గడికి ఆగి అప్పటి మొత్తమును చూడుడు. 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61 గళ్ళ వద్ద మాత్రమే మొత్తము ప్రధాన సంఖ్య యగును. మెర్సెన్ 1644 లో ప్రకటించిన పట్టికలో 61 ని విడిచెను. కాని 67 ను చేర్చెను. రెండును తప్పే. అరువది యొకటవ గడి వద్ద వచ్చు 2305843009213693951 ప్రధాన సంఖ్య యని 1883 లో రష్యా దేశీయుడు పెర్వూషిన్ నిరూపించెను.

ఇది త్రిభుజ సంఖ్యయా? అనగా 1 + 2 + 3 + ... అని కూడుచు పోయినచో ఎక్కడనైన దీనిని చేరుదుమా? త్రిభుజ సంఖ్యను 8 చే గుణించి 1 కలిపినచో వర్గసంఖ్య రావలెను. ఇక్కడ వచ్చునది 2⁶⁷ − 7. 2 యొక్క ఏ ఘాతమునుండి 7 తీసివేసినచో వర్గము వచ్చును అను ప్రశ్నను రామానుజన్ 1913 లో భారత గణితశాస్త్ర సంఘపు పత్రికలో అడిగెను. ఆ సంఘమునకు 1907 లో అంకురార్పణ జరిగినది మన అనంతపురము జిల్లా గుత్తిలో, అప్పటి డిప్యూటీ కలెక్టరు రామస్వామి అయ్యరు చేతుల మీదుగా. ఘాతము 3, 4, 5, 7, 15 అయినపుడు మాత్రమే వర్గము వచ్చునని రామానుజన్ ఊహించెను. 1948 లో నార్వే దేశపు నాగెల్ నిరూపించెను. కనుక మల్లన సంఖ్య త్రిభుజ సంఖ్య కాదు. బల్లపై 1, 2, 4, 12 గళ్ళ వద్ద మాత్రమే మొత్తము త్రిభుజ సంఖ్య యగును.

మరియొక పరిచయము. దీనిని ద్విసంఖ్యామానమున వ్రాసినచో అరువది నాలుగు ఒకట్లు వరుసగా నిలుచును. నేటి కంప్యూటర్లలో ఒక పూర్ణాంకమునకు సామాన్యముగా అరువది నాలుగు స్థానము లిచ్చెదరు. ఋణసంఖ్యలను విడిచినచో అందులో పట్టు మిక్కిలి పెద్ద సంఖ్య మల్లన చెప్పిన ఈ సంఖ్యయే.

మన పొగడ్తలోని లోపము

ఇప్పుడు మన పొగడ్తను విమర్శింపవచ్చును. ‘ఎంత పెద్దది!’ అనుటలో తప్పు లేదు. వరి గింజ బరువు 20 మిల్లీగ్రాము లనుకొన్నచో, పండితుని బహుమానము సుమారు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచమంతటను నేడు ఏటేట పండు వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు. అనగా నాలుగువందల అరువది సంవత్సరముల పంట! పిల్లలకు ఇది తప్పక చెప్పవలెను. కాని ఒకటి పక్కన ఇరువది సున్నలు చేర్చినచో ఇంతకంటె పెద్ద సంఖ్య ఎవరైనను చెప్పగలరు. మహావీరాచార్యుడే ఇరువది నాలుగు స్థానములకు పేర్లు పెట్టెను. పెద్దతనము ఈ సంఖ్య గుణములలో కడపటిది.

మరికొందరు వేరొక దారి పట్టుదురు. ‘ప్రపంచమున మొదట ఈ సంఖ్యను కనుగొన్నది మన మల్లనయే’ యందురు. క్రీస్తు శకము 1000 ప్రాంతమున అల్‌బిరూనీ తన గ్రంథమున ఇదే సంఖ్యను, వర్గములు చేయుచు పోవు పద్ధతితో, సాధించి చూపెను. ‘ఫెర్మా సంఖ్యలు మల్లనకు ముందే తెలియును’ అని ఎవరైన అన్నచో అదియు ఒప్పుకొనరాదు. మల్లన సంఖ్యలో 641 దాగి యున్నది నిజము. దానిని అతడు వెదకెననుటకు పద్యమున ఆధారము లేదు. చేయని పనిని అంటగట్టినచో చేసిన పని మరుగున పడును. మల్లన చేసిన పని చాలును: పెద్ద లెక్క నొకదానిని తప్పు లేకుండ, జారిపోకుండ, సామాన్యులకు కంఠస్థమగునట్లు తెలుగున నిలిపెను.

ఫెర్మా గొప్పవాడు, పరీక్షింపక ఒక మాట నమ్మెను. మెర్సెన్ పట్టికయు అట్టిదే. వారి పేర్లు చెరిగిపోలేదు. తప్పులు మాత్రము దిద్దబడినవి. పేరునకు గౌరవము, మాటకు పరీక్ష: ఈ రెండును కలిసి నడచిన చోట శాస్త్రము పెరిగినది. మన పద్యమునకును ఈ మర్యాద చెల్లవలెను. మల్లనపై భక్తిచేత పటము వ్రేలాడదీసి సున్న జారవిడిచిన వారము మనము. మల్లనను ఎరుగకున్నను అరువది నాలుగు వరుసలు వేసి చూచినది ఆ బాలిక. మల్లనకు నిజమైన పాఠకురాలు ఆమెయే.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మనవి. ఈ పద్యమును తరగతిలో చెప్పినపుడు నాలుగు పనులు పిల్లలచేత చేయింపుడు. భూతసంఖ్యలను విప్పించి అంకెలను వరుసగా వ్రాయింపుడు. తొమ్మిదియు పదునొకండును, రెండు పరీక్షలును చేయింపుడు. ఆరు మెట్ల నిచ్చెన ఎక్కించి దింపుడు. చివర 641 ను వారి చేతనే పట్టింపుడు. రెండు తరగతుల కాలము సరిపోవును. పలక, బలపము తప్ప పరికరము లక్కరలేదు.

ఆ పాఠశాలకు నేను మరల వెళ్ళితిని. పటమును తీసివేయలేదు. ఆ బాలికయే 7 కును 9 కిని నడుమ ఎఱ్ఱ రంగుతో సున్న చేర్చి, క్రింద రెండు శేషములను వ్రాసెను: 9 కి 6, 11 కు 4. ఎఱ్ఱ సున్న కొంచెము ఇరుకుగా ఉన్నది. చూచిన ప్రతి విద్యార్థియు అదేమని అడుగుచున్నాడట. అడిగిన వానికి ఆమె లెక్క చేసి చూపుచున్నదట.